లైబ్రరీ నుంచి వేసవి పుస్తకాలు ఎంచుకోవడం ఎలా

వేసవి సెలవులు దగ్గరపడగానే "ఈ వేసవిలో తప్పక చదవాల్సిన పుస్తకాలు" అంటూ జాబితాలు వరసపెట్టి వచ్చేస్తాయి. లైబ్రరీ నోటీసు బోర్డు మీద కూడా ఒకటి కనిపిస్తుంది. వాటిని చూడొద్దని నేను అనను. కానీ అందులో ఉన్నవన్నీ ఒకటో నంబరు నుంచి చదివేయాలని కూర్చుంటే కొన్నాళ్లకే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే అవి ఆ జాబితా రాసినవాళ్లకు నచ్చిన పుస్తకాలు, మీ ఇంట్లో ఉన్న పదకొండేళ్ల అమ్మాయికో, రిటైరైన మీ నాన్నగారికో, పనిచేసి అలసిపోయి వచ్చే మీకో సరిపోవాలని ఏమీ లేదు. లైబ్రరీ అసలు బలం జాబితాలో లేదు. అక్కడ తెచ్చుకున్న పుస్తకం నచ్చకపోయినా డబ్బు పోదు, నాలుగు పేజీలు చదివి తిరిగిచ్చేసి ఇంకోటి తెచ్చుకోవచ్చు. కాబట్టి పుస్తకం కొనేటప్పుడు పడే తర్జనభర్జన ఇక్కడ అక్కర్లేదు. ఎప్పుడూ చదవని రకం పుస్తకాన్ని కూడా ధైర్యంగా పట్టుకెళ్లొచ్చు. కింద చెప్పేదంతా ఈ ఒక్క సౌకర్యాన్ని పూర్తిగా వాడుకోవడం గురించే.

వెళ్లేముందు

ముందు మీ లైబ్రరీ నియమాలు ఒకసారి కనుక్కోండి. ఒక కార్డు మీద ఎన్ని పుస్తకాలిస్తారు, ఎన్ని రోజులకు, రెన్యూ ఫోన్‌లో చేసుకోవచ్చా లేక పుస్తకం పట్టుకుని రావాలా, పిల్లలకు విడిగా కార్డు ఇస్తారా, వేసవిలో వేళలు ఏమైనా మారతాయా. ఆలస్య రుసుము సంగతి కూడా అడగండి. చాలామంది పాత రుసుము బాకీ ఉందన్న భయంతోనే లైబ్రరీ మానేస్తారు, కానీ ఈమధ్య చాలా చోట్ల ఆ రుసుము ఎత్తేశారు. షికాగో పబ్లిక్ లైబ్రరీ 2019లో ఎత్తేసింది, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2021లో ఎత్తేసింది. మీ దగ్గర ఇంకా ఉన్నా, కౌంటర్లో అడిగితే ఏదో ఒక దారి చెప్తారు. ఇంట్లో అందరికీ తలా ఒక కార్డు తీసుకోవడం మంచిది. పిల్లలకైతే సొంత పేరుతో కార్డు ఉండటం చాలా పెద్ద సంగతి, పుస్తకం తామే తెచ్చుకున్నామన్న భావన అక్కడే మొదలవుతుంది.

తర్వాత ఒక కాగితం తీసుకుని, మీకు బాగా నచ్చిన రెండు పుస్తకాలు, సగంలో వదిలేసిన ఒక పుస్తకం పేర్లు రాయండి. వాటి పక్కన ఎందుకు నచ్చిందో, ఎందుకు వదిలేశారో ఒక్క ముక్క రాయండి. "బాగుంది" అని కాదు. "ఏం జరుగుతుందో అని ఆపకుండా చదివాను", "ఆ ముసలావిడ పాత్ర ఇప్పటికీ గుర్తొస్తుంది", "ఆ ఊరు కళ్లముందు కనిపించింది", "వాక్యాలు మళ్లీ మళ్లీ చదువుకున్నాను", ఇలా.

ఈ నాలుగు ఉదాహరణలూ ఊరికే ఇవ్వలేదు. నాన్సీ పెర్ల్ అని అమెరికాలో పేరున్న లైబ్రేరియన్ ఒకావిడ, పాఠకుడు పుస్తకంలోకి వెళ్లే ద్వారాలు నాలుగు అని చెప్తారు: కథ, పాత్రలు, కథ జరిగే చోటు, భాష. ఒకే పుస్తకంలో నాలుగూ ఉండొచ్చు, కానీ ఏదో ఒకటి మిగతావాటికన్నా పెద్దగా తెరుచుకుని ఉంటుంది. డిటెక్టివ్ నవలల్లో కథ ద్వారం పెద్దది. కుటుంబ నవలలు, ఆత్మకథలు చాలావరకు పాత్రల మీద నడుస్తాయి. చారిత్రక నవలలు, యాత్రా రచనలు, వేరే లోకాలను కల్పించి రాసిన ఫాంటసీలు చోటు మీద నిలబడతాయి. కవిత్వం, కొన్ని రకాల కథలు భాష కోసమే చదువుతాం. మీరు ఏ ద్వారం నుంచి వెళ్లే మనిషో తెలిస్తే పుస్తకం ఎంచుకోవడం సగం తేలికవుతుంది. మిత్రుడికి తెగ నచ్చిన నవల మీకు ఎక్కకపోతే మీ ఇద్దరి అభిరుచుల్లో ఏదో లోపం ఉందని కాదు, ఆయన కథ కోసం చదువుతారు, మీరు మనుషుల కోసం చదువుతారు, అంతే తేడా.

లైబ్రేరియన్‌ని అడగండి

ఈ సలహాను చాలామంది పాటించరు. వాళ్లు ఏదో పనిలో ఉంటారు, ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకుంటారు. కానీ పాఠకుడికి తగిన పుస్తకం చూపించడం వాళ్ల పనిలో ముఖ్యమైన భాగం. భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలను ఇప్పటికీ ప్రపంచమంతా లైబ్రేరియన్లకు పాఠంగా చెప్తారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం ఉంది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉన్నాడు, పాఠకుడి సమయం వృథా కానివ్వకూడదు, ఇవి అందులో మూడు. మీరు వెళ్లి అడగడమంటే ఆ సూత్రాలు అమలయ్యే అవకాశం ఇవ్వడమే.

అడిగే తీరు మాత్రం ముఖ్యం. "మంచి పుస్తకం ఏదైనా ఉందా అండీ?" అంటే ఎవరైనా ఏం చెప్తారు? అందరికీ తెలిసిన నాలుగు పేర్లు చెప్తారు. దానికి బదులు ఆ కాగితం చూపించండి. "మేడమ్, ఈ రెండూ నాకు బాగా నచ్చాయి, ఇది మాత్రం ముందుకు సాగలేదు, వర్ణన మరీ ఎక్కువైంది. ఇప్పుడు కాస్త తేలిగ్గా, రోజుకు ఇరవై పేజీలు చదివినా తెగిపోకుండా ఉండేది కావాలి" అని చెప్పండి. ఇందులో నచ్చినదీ ఉంది, నచ్చనిదీ ఉంది, ఇప్పటి మనఃస్థితి ఉంది, చేతిలో ఉన్న టైమ్ ఉంది. మనం దాదాపు ఎప్పుడూ చెప్పని విషయం ఈ మనఃస్థితే. గంభీరమైన నవలలు ఇష్టపడే మనిషికి కూడా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేని రోజుల్లో వేరే రకం పుస్తకం కావాలి.

పిల్లల కోసం అడిగేటప్పుడు వయసు, తరగతి చెప్పి ఊరుకోకండి. వాడు రోజంతా దేని గురించి మాట్లాడతాడో చెప్పండి. "తొమ్మిదేళ్లు, రైళ్లంటే పిచ్చి, పెద్ద పేరాలు చూస్తే పారిపోతాడు" అన్న మాట ఏ తరగతి నంబరుకన్నా ఎక్కువ పనికొస్తుంది. వీలైతే వాణ్ణే మాట్లాడనివ్వండి. పక్కన నిలబడి మనం సరిదిద్దడం మొదలుపెడితే వాడు నోరు విప్పడు.

అన్ని లైబ్రరీల్లోనూ చదివి చెప్పగలిగే సిబ్బంది ఉండకపోవచ్చు. అప్పుడు వేరే ప్రశ్న అడగండి: "ఈమధ్య ఎక్కువగా బయటికి వెళ్తున్న పుస్తకాలేవి?" ఇది రిజిస్టరు చూసే ఎవరైనా చెప్పగలరు. ఇంకో దారి, అప్పుడే తిరిగొచ్చి ఇంకా ర్యాకుల్లో సర్దని పుస్తకాల బల్ల లేదా ట్రాలీ. మీ చుట్టుపక్కలవాళ్లు నిజంగా ఇంటికి తీసుకెళ్లి చదివినవి అక్కడుంటాయి. నేనైతే ర్యాకుల దగ్గరికన్నా ముందు అక్కడికే వెళ్తాను.

ర్యాకుల మధ్య

పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీలో ఉన్న అంకెలు అర్థమైతే లైబ్రరీ సగం మీ చేతిలో ఉన్నట్టే. చాలా లైబ్రరీలు అమెరికా లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ పద్ధతి వాడతాయి. జ్ఞానం మొత్తాన్ని పది తరగతులు చేసి, ఒక్కో తరగతినీ మళ్లీ పదేసి భాగాలు చేస్తూ పోవడం ఆ పద్ధతి. 500ల్లో సైన్సు, 700ల్లో కళలూ ఆటలూ, 800ల్లో సాహిత్యం, 900ల్లో చరిత్ర, భూగోళం. వేసవికి పనికొచ్చే కొన్ని నంబర్లు గుర్తుపెట్టుకోండి. జానపద కథలు 398.2 దగ్గర ఉంటాయి, నక్షత్రాలూ గ్రహాలూ 523, పక్షులు 598, పజిళ్లు 793, ఆటలు 796, యాత్రలు 910, జీవిత చరిత్రలు చాలా చోట్ల 920. తెలుగు సాహిత్యం నంబరు 894.827. దూరదేశంలో ఉండి, అక్కడి లైబ్రరీలో తెలుగు పుస్తకం ఒక్కటైనా ఉందేమోనని వెతుకుతున్నవాళ్లకు ఈ నంబరు బాగా పనికొస్తుంది, అయితే కొన్ని లైబ్రరీలు ఇతర భాషల పుస్తకాలన్నీ ఒకచోట విడిగా పెడతాయి కాబట్టి అది కూడా అడగండి. నవలలను మాత్రం నంబర్లతో కాకుండా రచయిత పేరు వరసలో సర్దడం మామూలు. కొన్ని లైబ్రరీల్లో డ్యూయీ పద్ధతి కాక రంగనాథన్ తయారుచేసిన కోలన్ పద్ధతి ఉంటుంది, అప్పుడు నంబర్ల బదులు విషయం పేరుతోనే వెతకండి.

ఈ అంకెలు ఎందుకింత చెప్తున్నానంటే, కావాలనుకున్న పుస్తకం దొరికినా దొరక్కపోయినా దాని పక్కనున్నవి అదే విషయం మీద ఉంటాయి. మీరు వెతికిన పక్షుల పుస్తకం ఎవరో తీసుకెళ్లిపోయారు అనుకోండి, ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్నవి తీసి చూడండి. జాబితాల్లో ఎన్నడూ రాని పుస్తకాలు అలాగే దొరుకుతాయి. కింది అరలు కూడా వంగి చూడండి, అందరి కళ్లూ కళ్ల ఎత్తున ఉన్న అరల మీదే పడతాయి.

ఒక పుస్తకం చేతిలోకి తీసుకున్నాక వెనక అట్ట మీది పొగడ్తలను పట్టించుకోకండి. మొదటి పేజీ చదవండి, తర్వాత మధ్యలో ఎక్కడో ఒక పేజీ తీసి చదవండి. మొదటి పేజీని ప్రతి రచయితా చెక్కి చెక్కి రాస్తారు, మధ్య పేజీలో ఆ పుస్తకం రోజువారీ నడక తెలుస్తుంది. సైన్సు, చరిత్ర పుస్తకాలైతే విషయసూచిక, చివర ఇండెక్స్ చూడండి, ముద్రణ సంవత్సరం కూడా చూడండి. ఆరోగ్యం, కంప్యూటర్ల మీద పాత పుస్తకాలు వదిలేయండి, జానపద కథలకు మాత్రం పాతదనం అడ్డు కాదు. అక్షరాలు మరీ చిన్నవిగా ఉంటే ఎంత గొప్ప పుస్తకమైనా పక్కన పెట్టేయండి, పెద్ద అక్షరాల ముద్రణ ఉందేమో అడగండి. పెద్దవయసువాళ్లు చదవడం మానేయడానికి చాలాసార్లు కారణం కళ్లే, ఆసక్తి తగ్గడం కాదు.

పిల్లల దగ్గర

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఈ భాగంలోనే ఉంది: పిల్లల పుస్తకాలు పిల్లల్నే ఎంచుకోనివ్వండి.

బార్బరా హేన్స్ అనే సమాజ శాస్త్రవేత్త అట్లాంటా నగరంలో ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని పరిశీలించి 1978లో ఒక పుస్తకం ప్రచురించారు. వేసవిలో ఆరు, అంతకన్నా ఎక్కువ పుస్తకాలు చదివిన పిల్లలు మిగతావాళ్లకన్నా ముందున్నారని, పిల్లల వేసవి ఎదుగుదలకు పబ్లిక్ లైబ్రరీ చేసినంత మేలు వేసవి బడులు కూడా చేయలేదని ఆవిడ తేల్చారు. తర్వాత విద్యా పరిశోధకుడు రిచర్డ్ ఆలింగ్టన్, ఆయన సహచరులు ఫ్లోరిడాలో పేద కుటుంబాల పిల్లలకు మూడేళ్లపాటు ప్రతి వేసవికీ 12 పుస్తకాల చొప్పున ఇచ్చారు, ఆ పుస్తకాలను పిల్లలే ఎంచుకున్నారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో, వేసవి బడికి పంపితే వచ్చేంత మెరుగుదల చదవడంలో కనిపించింది. పాఠాల్లేవు, పరీక్షల్లేవు, పిల్లలు తమకు కావాలనుకున్న పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి. మనం ఇంట్లో చేయగలిగింది కూడా అదే.

మరి వాడు కామిక్స్ తప్ప వేరేది ముట్టుకోకపోతే? తీసుకోనివ్వండి. కామిక్స్‌లో బొమ్మ, మాట, క్రమం కలిపి చదవాలి, అది కూడా చదవడమే. ఏడోసారి అదే డైనోసార్ల పుస్తకం తెచ్చుకున్నా సరే, తెలిసిన పుస్తకాన్ని మళ్లీ చదివినప్పుడు పిల్లలకు వేగం, ధీమా వస్తాయి. కథలంటే అసలు ఇష్టపడని పిల్లలుంటారు, వాళ్లు చదవరని మనం తేల్చేస్తాం, నిజానికి వాళ్లకు నిజాలు కావాలి. యంత్రాలు ఎలా పనిచేస్తాయో చెప్పేవి, ప్రయోగాలు, జంతువులు, అంతరిక్షం, ఇలాంటివున్న 500, 600 నంబర్ల ర్యాకుల దగ్గరికి తీసుకెళ్లి వదిలేయండి. రికార్డుల పుస్తకాలు, అట్లాసులు కూడా చూపించండి, అవి వేరే ర్యాకుల్లో ఉంటాయి. సీరీస్ పుస్తకాలు కూడా మంచి దారి. ఒకటి నచ్చితే తర్వాతది ఏమిటన్న ప్రశ్నే ఉండదు.

కష్టం ఎంతుందో పిల్లలే చూసుకునే ఒక పద్ధతి ఉంది, చాలా బడుల్లో నేర్పిస్తారు. పేజీ నిండా అక్షరాలున్న పుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి చదవడం, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవడం. ఒక్క వేలు కూడా ముడవకపోతే తేలిక, రెండు మూడైతే సరిగ్గా ఉంది, అయిదు వేళ్లూ ముడుచుకుపోతే ప్రస్తుతానికి కష్టం. దీన్ని చట్టంలా అమలు చేయకండి. నిజంగా ఆసక్తి ఉన్న విషయమైతే పిల్లలు తమ స్థాయికి మించినది కూడా ఎలాగోలా చదివేస్తారు, లేదంటే మీరు పక్కన కూర్చుని చదివి వినిపించండి. పదేళ్లు, పన్నెండేళ్లు వచ్చాక కూడా చదివి వినిపించొచ్చు. తనంతట తాను చదవలేని పెద్ద కథను వినడం వల్ల మాటలూ ఆలోచనా పెరుగుతాయి, పైగా పిల్లలు మన పక్కన కూర్చునే గంటలు అవి.

ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో చదివే భాష ఇంకొకటి అయిన పిల్లలకు ఇంటి భాషలో పుస్తకం ఇచ్చేటప్పుడు వయసు లెక్క పక్కన పెట్టండి. పన్నెండేళ్ల అమ్మాయి ఆరేళ్ల పిల్లల బొమ్మల పుస్తకం చదివినా తప్పులేదు. ఇవి చిన్నపిల్లల పుస్తకాలు కదా అని ఆమెకు సిగ్గనిపిస్తే, చెల్లెలికో తమ్ముడికో చదివి వినిపించే పని అప్పజెప్పండి. ఆ సిగ్గు పోతుంది, చదవడం వస్తుంది. రెండు భాషలూ ఎదురెదురుగా అచ్చయిన పుస్తకాలుంటే ఇంకా మేలు.

చదివాక ప్రశ్నలు అడగొద్దు. "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగిన మరుక్షణం అది హోంవర్క్ అయిపోతుంది. సారాంశం రాయమనొద్దు. ఏదైనా అడగాలనిపిస్తే, "నాకు కూడా అందులో ఒక పేజీ చదివి వినిపిస్తావా, నీకు నచ్చిందే" అనండి. లైబ్రరీవాళ్లు నడిపే వేసవి పఠన కార్యక్రమాల్లో చార్టులు, స్టిక్కర్లు, బహుమతులు ఉంటాయి. అవి సరదాగా ఉన్నంతవరకు చేర్పించండి, అంకెల కోసం సన్న పుస్తకాలు గబగబా తిప్పేస్తున్నారనిపిస్తే చార్టు సంగతి కొన్నాళ్లు మర్చిపోండి.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు పిల్లల విభాగం ఇరుకనిపిస్తుంది. వాళ్లను పెద్దల ర్యాకుల్లోకి వెళ్లనివ్వండి. ఏం తెస్తారో అన్న టెన్షన్ ఉంటే అదే పుస్తకం మీరు కూడా చదవండి, మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.

పెద్దవాళ్ల సంచి

ఒకేసారి అన్నీ లావు నవలలు తెచ్చుకోకండి. లావుది ఒకటి, కథల సంపుటి ఒకటి, మీకు బొత్తిగా తెలియని విషయం మీద ఒకటి, ఒక గంటలో అయిపోయే సన్నది ఒకటి, ఇలా కలిపి తెచ్చుకుంటే ఏ రోజు ఎలా ఉన్నా చేతికి ఏదో ఒకటి అందుతుంది. పిల్లలకు సెలవులైనప్పుడు ఇంట్లో పని ఎక్కువైపోయేవాళ్లకు కథల సంపుటాలు, వ్యాసాలు, ఉత్తరాలు, డైరీలు హాయిగా ఉంటాయి, మధ్యలో లేవాల్సి వచ్చినా తీగ తెగదు. ప్రయాణాలకు ఆడియో పుస్తకాలు చూడండి. చాలా లైబ్రరీలు ఇప్పుడు లిబ్బీ లాంటి యాప్‌ల ద్వారా ఈ-బుక్స్, ఆడియో పుస్తకాలు కార్డు మీదే అరువిస్తున్నాయి, గడువు తేదీ రాగానే వాటంతట అవే వెనక్కి వెళ్లిపోతాయి.

ఎన్ని పేజీల వరకు ఓపిక పట్టాలి అన్నదానికి కూడా నాన్సీ పెర్ల్ ఒక లెక్క చెప్పారు, నాకు బాగా నచ్చిన లెక్క. మీ వయసు 50 లోపైతే 50 పేజీలు చదివి చూడండి. 50 దాటితే 100లోంచి మీ వయసు తీసేయండి, ఎంత మిగిలితే అన్ని పేజీలు. 70 ఏళ్లవాళ్లు 30 పేజీలు చదివితే చాలు, తర్వాత వదిలేసే హక్కు వాళ్లకుంది. వదిలేసిన పుస్తకాన్ని గడువు వరకు బల్ల మీద ఉంచుకోకుండా వెంటనే తిరిగిచ్చేయండి. దాని కోసం రిజర్వు చేసుకుని ఎదురుచూసేవాళ్లు ఉండొచ్చు, సెలవుల్లో ఆ వరస ఇంకా పెద్దది. మీకు కావాల్సిన పుస్తకం కూడా అలాగే బయట ఉంటే, సెలవుల మొదట్లోనే రిజర్వు పెట్టేయండి. చివరి వారంలో పెడితే బడులు తెరిచాక వస్తుంది.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. పుస్తకం పేరు, రచయిత, ఏ ద్వారం నుంచి వెళ్లారు, ఎక్కడ ఆపేశారు, ఒక్కో పుస్తకానికి ఒక్క లైను చాలు. వచ్చే వేసవి లైబ్రేరియన్‌కి చూపించాల్సిన కాగితం అదే. అడిగిన పుస్తకం లైబ్రరీలో లేకపోతే రెండు పనులు చేయొచ్చు. వేరే శాఖ నుంచో వేరే లైబ్రరీ నుంచో తెప్పించే ఏర్పాటు ఉందా అని అడగండి, చాలా చోట్ల ఉంటుంది కానీ అడిగితేనే చెప్తారు. అదీ కుదరకపోతే కొనమని సూచనల పుస్తకంలో రాయండి. పేరొక్కటే రాస్తే వెతకలేరు, రచయిత, ప్రచురణకర్త, అట్ట వెనక బార్‌కోడ్ దగ్గర ఉండే పదమూడంకెల గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కూడా రాయండి, కింద మీ ఫోన్ నంబరు పెట్టండి, పుస్తకం వస్తే ముందు మీకే కబురు చేయడానికి వీలుంటుంది.